మెట్లా, గీతా, వంపా? ఆరోగ్య గణాంకాల్లో తెగని పేచీ

జనగామ, మహబూబాబాద్, జయశంకర్ భూపాలపల్లి జిల్లాలు మూడూ 2016 అక్టోబరు 11న, చాలా మటుకు పాత వరంగల్ జిల్లా నుంచి విడివడ్డవే. మహబూబాబాద్‌లో 2022 నవంబరులో, మిగతా రెండు చోట్ల 2023 సెప్టెంబరులో ప్రభుత్వ వైద్య కళాశాలలు మొదలయ్యాయి. కళాశాల వెంట కమ్యూనిటీ మెడిసిన్ విభాగం వస్తుంది. దాని వెంట ఊళ్ల సర్వేలు, విద్యార్థుల ప్రాజెక్టులు, థీసిస్‌లు వస్తాయి. ఎవరి వయసెంత, రక్తం ఎన్ని గ్రాములుంది, బీపీ ఎంత, పుట్టిన బిడ్డ బరువెంత అన్న అంకెలతో ఎక్సెల్ షీట్లు నిండుతాయి. అవి నిండాక ఎదురయ్యే ప్రశ్న చిన్నదే: ఒక అంకె పెరుగుతుంటే రెండోది ఎలా మారుతోంది?

జవాబుకు మూడు దారులున్నాయి. మొదటిది మెట్లు: అంకెలను గుంపులుగా కోసి, గుంపుకో శాతం చెప్పడం. రెండోది సరళరేఖ: ఇది ఒక యూనిట్ పెరిగితే అది ఇంత మారుతుందని ఒకే వాలు చెప్పడం. మూడోది వంపు: డేటా ఎక్కడ వంగితే గీతను అక్కడ వంగనివ్వడం. ఈ మూడో దారిలోకి దిగితే స్ప్లైన్లు, లోయెస్, ఫ్రాక్షనల్ పాలినామియల్స్, ఎడిటివ్ మోడళ్లు అంటూ పద్ధతుల వరస కనిపిస్తుంది. ఒక్కోదాని వెనక ఒక్కో వర్గం ఉంది, మిగతా వర్గాల మీద ఒక్కో ఫిర్యాదు ఉంది. ఈ సాహిత్యాన్ని పక్కపక్కన పెట్టి చూస్తే ఒకటి తోస్తుంది. ఏ వంపు మేలన్న తగవుకు దొరికినంత శ్రద్ధ, వంపు గీసేంత డేటా ఉందా, గీశాక దాన్ని ఏ నిర్ణయానికి వాడతాం అన్న ప్రశ్నలకు దొరకలేదు.

మెట్లు ఎందుకు పోవడం లేదు

రక్తహీనతకు ప్రపంచ ఆరోగ్య సంస్థ 1968లో ఖాయం చేసిన హద్దులే కొద్దిపాటి మార్పులతో దశాబ్దాల పాటు నడిచాయి. ఆరు నెలల నుంచి ఐదేళ్లలోపు పిల్లలకు డెసిలీటరు రక్తంలో 11 గ్రాముల హిమోగ్లోబిన్, ఐదు నుంచి పదకొండేళ్ల వారికి 11.5, పన్నెండు నుంచి పద్నాలుగేళ్ల వారికి 12. ఈ లెక్కన 11.2 గ్రాముల రక్తం ఉన్న పాపకు ఐదో పుట్టినరోజు ముందు రోజు రక్తహీనత లేదు, పుట్టినరోజు నాడు ఉంది. ఎముక మూలుగకు పుట్టినరోజులు తెలియవు కాబట్టి ఇది కొలతలోని మెట్టే తప్ప ఒంట్లోది కాదు.

గణాంక శాస్త్రం వైపు నుంచి మెట్ల మీద ఫిర్యాదు పాతదే. నిరంతరంగా మారే కొలతను సరిగ్గా మధ్యలో రెండుగా కోస్తే, అది వివరించగల తేడాలో దాదాపు మూడో వంతు పోతుందని జేకబ్ కోహెన్ 1983లో చూపించాడు. అంటే మూడొందల మందిని కొలిచి, వందమందిని చెత్తబుట్టలో వేసినట్టు. హద్దును ముందే అనుకోకుండా, డేటాలో తేడా బాగా కనిపించే చోట వెతికి పెట్టుకుంటే ఇంకా ప్రమాదం. నూటికి ఐదుసార్లు జరగాల్సిన తప్పుడు హెచ్చరిక నలభై సార్ల దాకా జరగవచ్చని డగ్లస్ ఆల్ట్‌మన్ బృందం 1994లో లెక్కగట్టింది. 2006లో ఆల్ట్‌మన్, ప్యాట్రిక్ రాయ్‌స్టన్, విల్లీ సవర్‌బ్రై ఈ అలవాటును సూటిగా చెడ్డ ఆలోచన అన్నారు. ఆ మాట ఇప్పుడు పాఠ్యపుస్తకాల్లోకి ఎక్కింది. థీసిస్‌లలోకి మాత్రం అంతగా దిగలేదు.

దిగకపోవడానికి బద్ధకం ఒక్కటే కారణం కాదు. ఆశా కార్యకర్త చేతిలో ఐరన్ మాత్రలు ఉంటాయి. ఇవ్వాలా, వద్దా అన్నదే ఆమె ముందున్న ప్రశ్న. సగం ఇవ్వడం కుదరదు. చికిత్స మెట్టు లాంటిది కాబట్టి విశ్లేషణ కూడా మెట్టుగానే ఉండాలని వైద్యులు వాదిస్తారు. దీనికి ఎదుటి పక్షం ఇచ్చే జవాబు నాకు సబబుగా అనిపిస్తుంది: నిర్ణయం చివర్లో తీసుకునేది, విశ్లేషణ అంతకు ముందు చేసేది. ముందే కోసేస్తే ఎక్కడ కోయడం మంచిదన్నది ఎప్పటికీ తెలియదు.

సరళరేఖ బలం, మొండితనం

సరళరేఖ గీయడానికి వాడే కనిష్ఠ వర్గాల పద్ధతిని లెజాండ్ర్ 1805లో అచ్చు వేశాడు, గాస్ 1809లో దానికి సంభావ్యత పునాది వేశాడు. అప్పటి నుంచి సరళరేఖకు ఉన్న గౌరవం ఊరికే రాలేదు. రెండు అంకెలతో గీత మొత్తం చెప్పేయవచ్చు, తక్కువ డేటాతో సరిపెట్టుకోవచ్చు, ఒక అధ్యయనాన్ని మరో దానితో పోల్చవచ్చు. కొన్ని చోట్ల ప్రకృతే దానికి సహకరిస్తుంది. పది లక్షల మంది పెద్దల వివరాలు కలిపి 2002లో వెలువడ్డ విశ్లేషణలో బీపీ 115/75 దాకా తగ్గుతూ పోయినా గుండెజబ్బు, పక్షవాత మరణాల ముప్పు తగ్గుతూనే ఉంది. లాగరిథమ్ కొలమానం మీద అది దాదాపు తిన్నని గీత. చికిత్సలో ఉన్నవారికి బీపీ మరీ తగ్గితే ముప్పు మళ్లీ పెరుగుతుందనే జె-వంపు వాదం 1979 నుంచీ ఉంది, ఇప్పటికీ పూర్తిగా చల్లారలేదు. అయితే మరీ తక్కువ బీపీ ఉన్నవారిలో ముందే జబ్బుతో క్షీణించిన వారు ఎక్కువగా ఉండవచ్చు. అప్పుడా వంపు బీపీది కాదు, జబ్బుది.

ఇంకొన్ని చోట్ల సరళరేఖ నిజాన్ని తలకిందులు చేస్తుంది. గర్భిణి హిమోగ్లోబిన్‌కూ బిడ్డ బరువుకూ ఉన్న సంబంధం అందుకు మంచి ఉదాహరణ. లండన్ వాయవ్య ప్రాంతంలో లక్షన్నరకు పైగా కాన్పుల వివరాలతో ఫిలిప్ స్టీర్ బృందం 1995లో ఇచ్చిన లెక్క ప్రకారం, గర్భంలో హిమోగ్లోబిన్ అత్యల్పంగా 8.5 నుంచి 9.5 గ్రాముల మధ్యకు దిగిన తల్లుల బిడ్డలే సగటున ఎక్కువ బరువున్నారు. అటూ ఇటూ బరువు తగ్గింది. గర్భంలో ప్లాస్మా పెరిగి రక్తం పలుచబడటం మామూలే. అది పలుచబడకపోతే మాయకు రక్తం సరిగ్గా అందడం లేదని అనుమానించాలి. ఇలాంటి డేటా గుండా తిన్నని గీత గీస్తే రెండు కొనలూ ఒకదాన్నొకటి కొట్టేసుకుని, సంబంధమే లేదన్న జవాబు రావచ్చు. అలాగని ఆ లండన్ అంకెలను తెచ్చి మహబూబాబాద్ తండాల్లోని గర్భిణులకు 9 గ్రాములు చాలనడం వేరే తప్పు. ఒకచోట రక్తం పలుచబడి 9కి దిగుతుంది, మరోచోట ఐరన్ లేక 9కి దిగుతుంది. అంకె ఒకటే, దారులు వేరు.

సరళరేఖ సరిపోనప్పుడు వర్గం, ఘనం కలిపి బహుపదిగా మార్చడం తొలినాటి ఉపాయం. డిగ్రీ పెంచే కొద్దీ చివరల్లో గీత అడ్డదిడ్డంగా ఊగిపోతుందని కార్ల్ రూంగె 1901లోనే హెచ్చరించాడు. బహుపదికి ఇంకో రోగం కూడా ఉంది: నడివయసు వారి డేటా కాస్త మారితే పసిపిల్లల దగ్గర గీత కదులుతుంది. ఎక్కడి నొప్పి అక్కడే ఉంచే పద్ధతి కావాల్సి వచ్చింది.

వంపులకు పుట్టిల్లు కలకత్తా కూడా

ఈ పద్ధతుల చరిత్రను పాశ్చాత్యుల పేర్లతోనే చెప్పడం రివాజు. అందులో సగం నిజమే. మరణాల పట్టికలను నునుపు చేయడానికి విటేకర్ 1923లో వాడిన కిటుకు, అంటే డేటాకు దగ్గరగా ఉండమని ఒక వైపు, మరీ వంకరపోవద్దని మరో వైపు లాగడం, ఇవాళ్టి పెనాల్టీ పద్ధతులన్నిటికీ మూలం. స్ప్లైన్లకు గణిత రూపం 1946లో షోన్‌బర్గ్ ఇచ్చాడు. అయితే కలకత్తాలో భారతీయ గణాంక సంస్థను స్థాపించిన మహాలనోబిస్ 1960లో ప్రతిపాదించిన ఫ్రాక్టైల్ గ్రాఫ్ పద్ధతి, జనాన్ని సమాన భాగాలుగా వరసపెట్టి ఒక్కో భాగం సగటుతో గీత గీసి, రెండు గీతల మధ్య వైశాల్యంతో తేడా కొలిచే పద్ధతి, ఏ సూత్రాన్నీ ముందే నమ్మని వంపుకు తొలి నమూనాల్లో ఒకటి. చుట్టుపక్కల బిందువులకు బరువులిచ్చి సగటు తీసే కెర్నల్ పద్ధతిని 1964లో నదరాయ, వాట్సన్ విడివిడిగా చెప్పారు. వాట్సన్ వ్యాసం అచ్చయింది భారతీయ గణాంక సంస్థ పత్రిక ‘సాంఖ్య’లోనే.

ఆ సంస్థలోనే ఎదిగిన తెలుగువాడు కల్యంపూడి రాధాకృష్ణారావు. ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో గణితం చదివి కలకత్తా చేరిన సి.ఆర్. రావు 1958లో ఎదుగుదల వక్రాలను పోల్చే పద్ధతుల మీద రాసిన వ్యాసం ఈ చర్చకు నేరుగా చెందుతుంది. ఒకే బిడ్డను మళ్లీ మళ్లీ తూచినప్పుడు ఆ కొలతలు ఒకదానికొకటి చుట్టాలు. వాటిని వేర్వేరు పిల్లలవిగా లెక్కేస్తే మోసపోతాం. అంగన్‌వాడీల నెలవారీ బరువులను ఇవాళ ఎవరు విశ్లేషించినా ఎదురయ్యే మొదటి చిక్కు ఇదే.

అక్కడి నుంచి ప్రవాహం వేగం అందుకుంది. 1979లో క్లీవ్‌లాండ్ లోయెస్, 1986లో హేస్టీ, టిబ్షిరానీల జనరలైజ్డ్ ఎడిటివ్ మోడల్, 1994లో రాయ్‌స్టన్, ఆల్ట్‌మన్‌ల ఫ్రాక్షనల్ పాలినామియల్, 1996లో ఐలర్స్, మార్క్స్‌ల పి-స్ప్లైన్. వీటిని మూడు బడులుగా చూడవచ్చు.

ముడుల బడి. ఫ్రాంక్ హారెల్ 2001 నాటి పుస్తకం దీనికి పెద్దబాలశిక్ష. అంకెల వరసలో కొన్ని చోట్ల ముడులు వేసి, ముడికీ ముడికీ మధ్య ఘన బహుపది గీసి, కలిసే చోట అతుకు కనిపించకుండా చూస్తారు. రెండు కొసల్లో మాత్రం సరళరేఖగా నిర్బంధిస్తారు, ఎందుకంటే అక్కడ డేటా పలుచన. ముడులు ఎక్కడ వేయాలో కంటితో వెతకరు. నాలుగు ముడులైతే 5, 35, 65, 95 పర్సెంటైల్ల దగ్గర అని ముందే రాసుకుంటారు. బలం క్రమశిక్షణ. బలహీనత ఏమిటంటే, అసలు మలుపు రెండు ముడుల మధ్య ఇరుకు చోట ఉంటే అది కనిపించదు.

పెనాల్టీ బడి. ముడులు బోలెడన్ని వేసి, వంకరలకు జరిమానా విధిస్తారు. జరిమానా ఎంతన్నది డేటానే తేలుస్తుంది. సైమన్ వుడ్ రాసిన ‘ఎంజీసీవీ’ ప్యాకేజీ వచ్చాక ఇది ఎవరికైనా అందుబాటులోకి వచ్చింది. కాలం, చోటు, వాతావరణం లాంటి చిక్కు సంబంధాల్లో దీనికి సాటి లేదు. కానీ ఫలితం బొమ్మగా వస్తుంది, సూత్రంగా రాదు. ఒకరి బొమ్మను మరొకరి బొమ్మతో కలిపి లెక్కించడం కష్టం.

సూత్రాల బడి. ఫ్రాక్షనల్ పాలినామియల్ వాళ్లు ఎనిమిదే ఘాతాలు తీసుకుంటారు: ఋణ రెండు నుంచి ధన మూడు దాకా, మధ్యలో అరలూ లాగరిథమూ. ఒక ఘాతంతో ఎనిమిది ఆకారాలు, రెండేసి జతలతో ముప్ఫై ఆరు. అన్నీ ప్రయత్నించి, సరళరేఖ కంటే నిజంగా మెరుగని తేలితేనే వంపును ఒప్పుకుంటారు. చేతికి ఒక సమీకరణం వస్తుంది, దాన్ని కాలిక్యులేటర్‌లో వేసుకోవచ్చు. గోలంతా కొసల దగ్గరే: విపరీతమైన అంకె ఒక్కటున్నా గీత మొత్తం దానివైపు లాగబడుతుంది.

నాలుగో బడిగా మెషీన్ లెర్నింగ్‌ను చేర్చేవారున్నారు. రాండమ్ ఫారెస్టులకు ఏ ఆకారమైనా ఒకటే. కానీ అవి డేటాకు మహా ఆకలిగొన్నవి. ఒక్కో చలరాశికి రెండు వందలకు పైగా ఘటనలుంటే తప్ప అవి స్థిరపడవని 2014లో ఒక అధ్యయనం చూపింది. లాజిస్టిక్ రిగ్రెషన్‌తో పోలిస్తే మెషీన్ లెర్నింగ్‌తో ఒరిగిందేమీ లేదని 71 అధ్యయనాలను వడపోసిన 2019 సమీక్ష తేల్చింది. జిల్లా స్థాయి సర్వేకు సంబంధించినంత వరకు ఈ బడి గురించి ఇంతకు మించి చెప్పనక్కర్లేదు.

మూడు బడుల మధ్య పోటీకి మంచి వేదికలు పిల్లల ఎదుగుదల చార్టులు. గర్భస్థ శిశువు ఎదుగుదలకు నాగపూర్ సహా ఎనిమిది నగరాల్లో కొలిచిన ఇంటర్‌గ్రోత్ బృందం 2014లో ఫ్రాక్షనల్ పాలినామియల్స్ ఎంచుకుంది. ఐదేళ్లలోపు పిల్లలకు ఢిల్లీ సహా ఆరు చోట్ల 1997–2003 మధ్య దాదాపు 8,500 మందిని కొలిచిన ప్రపంచ ఆరోగ్య సంస్థ, ముప్ఫై పద్ధతులను పరిశీలించి, ఘన స్ప్లైన్లతో నునుపు చేసే బాక్స్-కాక్స్ పద్ధతిని ఎంచుకుంది. 2006లో వెలువడ్డ ఆ వక్రాలే మన అంగన్‌వాడీ చార్టు మీద ఆకుపచ్చ, పసుపు, నారింజ పట్టీల అంచులు. తొలి నెలల్లో ఎదుగుదల వేగం ఎక్కువ కాబట్టి అక్కడ వయసు స్కేలును సాగదీసి, ఆ తర్వాతే స్ప్లైన్ వేశారు. రెండేళ్ల దగ్గర పొడవు చార్టులో కనిపించే చిన్న మెట్టు బిడ్డది కాదు: అప్పటిదాకా పడుకోబెట్టి, తర్వాత నిలబెట్టి కొలుస్తారు, తేడా 0.7 సెంటీమీటర్లు. ఇంకో విశేషం, ఆ పద్ధతికున్న నాలుగు మీటల్లో చివరిదాన్ని అసలు తిప్పాల్సిన పని పడలేదు. దాన్ని వదిలేస్తే మిగిలేది టిమ్ కోల్ 1990 ప్రాంతంలో చెప్పిన పాత ఎల్‌ఎంఎస్ పద్ధతే.

2002 నాటి దెబ్బ

వంపుల మీద నమ్మకం బాగా ముదిరిన రోజుల్లో వచ్చిన ఒక ఉదంతాన్ని ఈ సాహిత్యం ఇంకా మరిచిపోలేదు. అమెరికా నగరాల్లో గాలిలోని ధూళికీ రోజువారీ మరణాలకూ ఉన్న సంబంధాన్ని జాన్స్ హాప్‌కిన్స్ బృందం ఎడిటివ్ మోడళ్లతో, అంటే ఒక్కో అంశానికి ఒక్కో వంపు గీసి వాటిని కూడే పద్ధతితో, లెక్కగట్టింది. ఘనపు మీటరు గాలిలో ధూళి 10 మైక్రోగ్రాములు పెరిగితే మరణాలు 0.41 శాతం పెరుగుతాయని ఫలితం. ఆ అంకె మీద గాలి ప్రమాణాల చర్చ నడుస్తుండగా, సాఫ్ట్‌వేర్ లెక్కను మధ్యలోనే ఆపేస్తోందని 2002లో ఆ బృందమే కనిపెట్టి ప్రకటించింది. ఎస్-ప్లస్ ప్యాకేజీలో ఎప్పుడు ఆగాలన్న హద్దు మరీ వదులుగా ఉంది. బిగించి మళ్లీ లెక్కిస్తే 0.27 వచ్చింది, ముడుల బడి వారి సహజ స్ప్లైన్లతో లెక్కిస్తే 0.21.

సంబంధం చెరిగిపోలేదు, సైజు మాత్రం సగమైంది. పైగా, కాలం వంపు, వాతావరణం వంపు, ధూళి గీత మూడూ ఒకదానితో ఒకటి పెనవేసుకుంటే అనిశ్చితి ఉన్నదానికంటే తక్కువగా కనిపిస్తుందని కెనడా పరిశోధకులు 2003లో తేల్చారు. ఈ దెబ్బ తర్వాతే పద్ధతులు ఎంచుకునే విషయంలో మార్గదర్శకాలు కావాలన్న డిమాండ్ బలపడింది. 2013లో మొదలైన స్ట్రాటోస్ అనే అంతర్జాతీయ బృందం ఆ పనిలోనే ఉంది. ఏ స్ప్లైన్ ఎప్పుడు వాడాలన్న దాని మీద వాళ్లు 2019, 2020లలో ఇచ్చిన సమీక్షలు చదివితే, అందరూ ఒప్పుకునే సూచన ఇంకా కుదరలేదని అర్థమవుతుంది.

రక్తం లెక్క మళ్లీ తెరిచినప్పుడు

మన దేశంలో ఈ మొత్తం చర్చకు అసలు పరీక్ష రక్తహీనతలో వచ్చింది. ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో ఆరు నెలల నుంచి ఐదేళ్లలోపు పిల్లల్లో 70 శాతం, 15–49 ఏళ్ల మహిళల్లో దాదాపు 58 శాతం రక్తహీనులు. ఇంత మంది నిజంగా రోగులేనా అన్న అనుమానం చాలామందికి ఉంది. 2016–18 నాటి సమగ్ర జాతీయ పోషకాహార సర్వేలో సిర నుంచి తీసిన రక్తం కొలతలున్నాయి. అందులోంచి ఐరన్, బి12, ఫోలేట్ లోపాలు, వాపు లక్షణాలు లేని ఆరోగ్యవంతులైన 8,087 మంది పిల్లలను, కౌమారులను ఏరి, హెచ్.పి.ఎస్. సచ్‌దేవ్ బృందం వయసుతో పాటు నునుపుగా సాగే ఐదో పర్సెంటైల్ వక్రాన్ని గీసింది. 2021లో లాన్సెట్ గ్లోబల్ హెల్త్‌లో వచ్చిన ఆ ఫలితం సంచలనం: దాదాపు అన్ని వయసుల్లోనూ భారతీయ వక్రం పాత మెట్ల కంటే ఒకటి రెండు గ్రాములు కిందే ఉంది. ఏడాది నుంచి పంతొమ్మిదేళ్ల వారిలో రక్తహీనత 30 శాతం కాదు, 10.8 శాతమే అని తేలింది.

ఇక్కడ వంపు తన పని చక్కగా చేసింది. పుట్టినరోజు మెట్టు పోయింది, మగపిల్లల్లో యవ్వనంలో పైకి లేచే వాలు కనిపించింది. కానీ ఆ వక్రంలో ఐదో పర్సెంటైలే హద్దు ఎందుకు కావాలి? ఆరోగ్యవంతుల్లో కూడా నూటికి ఐదుగురు నిర్వచనం వల్లే రక్తహీనులైపోతారు. ఆరోగ్యవంతులని ఏరినవారే లోపలెక్కడో కొరతతో ఉంటే హద్దు మరీ కిందికి జారిపోతుంది. చదువు, పని శక్తి, కాన్పు ఫలితం లాంటి వాటితో ముడిపెట్టి హద్దు తేల్చాలని ఒక పక్షం అంటుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024 మార్చిలో హద్దులను సవరిస్తూ ఆరు నుంచి ఇరవై మూడు నెలల పిల్లలకు మాత్రం 10.5కు దించింది, పెద్ద పిల్లల హద్దులను దాదాపు అలాగే ఉంచింది. అంటే ఒక మెట్టును రెండు మెట్లు చేసింది. వేలి చుక్కతో కొలిస్తే ఒకలా, సిర రక్తంతో కొలిస్తే ఇంకోలా వస్తుందన్న తగవు దీనికి తోడైంది. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ చేపట్టిన ఆహార, బయోమార్కర్ల సర్వే సిర రక్తంతోనే ఈ ముడి విప్పాలని చూస్తోంది.

పద్ధతి ఎంత నునుపైనా, హద్దు ఎక్కడ పెట్టాలన్నది విలువల నిర్ణయం. ఎవరిచేత అనవసరంగా మాత్రలు మింగించినా ఫరవాలేదు, ఎవరిని వదిలేస్తే నేరం అన్నది స్ప్లైన్ చెప్పదు. పద్ధతి ప్రశ్ననూ హద్దు ప్రశ్ననూ కలగలిపినందువల్లే చర్చ ఇంత చిక్కుబడిందని నా అభిప్రాయం.

చిన్న జిల్లా, పలుచని కొసలు

ఐదో కుటుంబ సర్వేలో 2019 జూన్ నుంచి నవంబరు దాకా తెలంగాణలోని 31 జిల్లాల్లో 27,351 ఇళ్లు చూశారు. జిల్లాకు సగటున తొమ్మిది వందలకు లోపే. అందులో రక్తం కొలిచిన ఐదేళ్లలోపు పిల్లలు ఏ మూడొందల మందో అనుకుంటే, నాలుగు ముడుల స్ప్లైన్‌లో చివరి ముడి దాటాక మిగిలేది పదిహేను మంది. ఆ పదిహేను మంది గీసిన కొసను చూసి విధానం రాయడం సాహసం. పైగా సర్వే జరిగిన తీరు వేరు: కొన్ని ఊళ్లను ఎంచి, ఒక్కో ఊళ్లో కొన్ని ఇళ్లు. ఒకే ఊరి పిల్లలు ఒకే నీళ్లు తాగి, ఒకే అంగన్‌వాడీలో తిని ఒకరిలా ఒకరుంటారు. దీన్ని లెక్కలోకి తీసుకోని వంపు చుట్టూ గీసే అనిశ్చితి పట్టీ ఉండాల్సిన దానికంటే సన్నగా వస్తుంది.

సరిహద్దుల చిక్కు మరొకటి. నాలుగో సర్వే నాటికి రాష్ట్రంలో పది జిల్లాలే. ఐదో సర్వేలోని భూపాలపల్లిలో ములుగు కలిసే ఉంది, 2019 ఫిబ్రవరిలో విడిపోయినా సరే. మహబూబాబాద్‌లో బయ్యారం, గార్ల మండలాలు ఖమ్మం నుంచి వచ్చినవి. ఈ జిల్లాలకు కాలంతో పాటు సాగే వంపు గీయాలంటే రెండు బిందువులు కూడా నికరంగా లేవు.

వంపు ఎంత సున్నితమైతే కొలతలోని అలవాట్లను అంత నమ్మకంగా పట్టేస్తుంది. మన ఆసుపత్రి రికార్డుల్లో పుట్టిన బిడ్డల బరువులు రెండున్నర కిలోల దగ్గర, మూడు కిలోల దగ్గర కుప్పపడతాయి. తక్కువ బరువుకు హద్దు 2,500 గ్రాములు కావడంతో ఆ కుప్ప సరిగ్గా హద్దు మీదే కూర్చుంటుంది. పెద్దల వయసులు సున్నా, ఐదు అంకెల దగ్గర మూగుతాయి. జరిమానా తక్కువ పెట్టిన స్ప్లైన్ ఇక్కడ బుడిపెలు చూపిస్తుంది, అనుభవం లేని పరిశోధకుడు వాటికి జీవశాస్త్ర కారణాలు వెతుకుతాడు.

ఎండ దెబ్బ విషయంలో పరిస్థితి ఇంకా కష్టం. 2015 వేసవిలో తెలుగు రాష్ట్రాలు రెండూ భారీగా ప్రాణాలు పోగొట్టుకున్నాక, ఏ ఉష్ణోగ్రత దగ్గర మరణాలు లేస్తాయో తేల్చమన్న ఒత్తిడి పెరిగింది. ఇవాళ్టి ఎండ రేపటి, ఎల్లుండి మరణాల మీద కూడా పడే తీరును ఒకేసారి లెక్కించే పద్ధతులు 2010 నుంచి గాస్పారిని బృందం చేతుల్లో పరిణతి చెందాయి. వాటికి రోజువారీ మరణాల లెక్క కావాలి. నాలుగు లక్షల పైచిలుకు జనమున్న జిల్లాలో ఏడాదికి వెయ్యికి ఏడుగురి చొప్పున చనిపోతారనుకుంటే, రోజుకు సుమారు ఎనిమిది. ఆ ఎనిమిదిలో ఎండ వాటా వెతకడం కంటే, భూపాలపల్లి లాంటి బొగ్గు గనుల జిల్లాలన్నిటినీ కలిపి ఒకే వంపు గీసి, జిల్లాకు కొద్దిగా అటూ ఇటూ జరగనివ్వడమే నయం.

మూడు జిల్లాల కళాశాలల్లో ఈ పని చేయబోయేవారికి ఒక సలహా ఇవ్వాల్సి వస్తే ఇదే: మూడు లేదా నాలుగు ముడులు, అవి ఎక్కడన్నది డేటా చూడకముందే రాసి పెట్టుకోవడం, సరళరేఖ ఫలితాన్నీ పక్కనే చూపించడం, గ్రాఫు అడుగున ఎక్కడెక్కడ ఎంతమంది ఉన్నారో చుక్కలు వేయడం. పెనాల్టీ పద్ధతులు గొప్పవే, కానీ మూడొందల మంది మీద వాటి గొప్పతనం బయటపడదు.

తేలకుండా మిగిలినవి

మొదటిది, డేటా లేని చోట వంపు ఎవరిది? హైదరాబాద్ చేరువలోని 28 ఊళ్లలో ధూళికీ గుండె, ఎముకల ఆరోగ్యానికీ సంబంధం వెతికిన చాయ్ అధ్యయనంలో సగటు సూక్ష్మధూళి దాదాపు 33 మైక్రోగ్రాములు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో చెప్పిన హద్దు 5. ఆ రెంటి మధ్య గీత మన ఊళ్ల నుంచి పుట్టదు, అంత శుభ్రమైన గాలి పీల్చేవాళ్లు ఇక్కడ లేరు కాబట్టి. అటు కలుషిత కొసకు పాశ్చాత్య దేశాల్లో మనుషులు లేరు. 2014లో బర్నెట్ బృందం ఈ ఖాళీని సిగరెట్ పొగ డేటాతో పూడ్చింది, 2018 నాటి కొత్త నమూనాలో చురుకుగా పొగతాగేవారి డేటాను వదిలేసింది. రెండు వంపులకూ మధ్య ప్రపంచవ్యాప్తంగా లక్షల మరణాల తేడా వస్తుంది.

రెండోది, మెత్తని వంపులో పదునైన మలుపు దొరుకుతుందా? ఫ్లోరైడ్ ఇందుకు ముల్లులాంటి ప్రశ్న. 1937లో మద్రాసు ప్రెసిడెన్సీలో షార్ట్ బృందం ఎముకల ఫ్లోరోసిస్‌ను గుర్తించినప్పటి నుంచి తెలుగు నేల దీనికి ప్రయోగశాల అయింది. ఫ్లోరోసిస్‌కు పేరుపడ్డ పాత నల్లగొండ జిల్లా జనగామను ఆనుకునే ఉంది. తక్కువ మోతాదు పళ్లకు మేలు, ఎక్కువైతే గార పళ్లు, ఇంకా ఎక్కువైతే వంగిపోయిన నడుములు. ఆకారంలోనే మలుపులున్న సంబంధం. పిల్లల తెలివితేటల మీద దాని ప్రభావాన్ని 2024లో సమీక్షించిన అమెరికా టాక్సికాలజీ సంస్థ, లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే తెలివి సూచీ తగ్గుదలతో సంబంధం ఉందని ఓ మోస్తరు విశ్వాసంతో చెప్పింది. దానికి దిగువన ఏమవుతుందో తేలలేదు. ఆ 1.5 అంకే మన ప్రమాణాల్లో, వేరే దారి లేనప్పుడు ఒప్పుకునే హద్దు. వంపు సున్నా దాకా తిన్నగా దిగుతుందని నమ్మేవాళ్లూ, అంతకు ముందే నేలకు ఆనుతుందని నమ్మేవాళ్లూ ఒకే డేటా మీద నిలబడి వాదిస్తున్నారు. నునుపు చేసే పద్ధతులన్నీ స్వభావరీత్యా మలుపులను మెత్తబరుస్తాయి కాబట్టి, ఈ తగవు పద్ధతి మార్చితే తీరేది కాదు.

మూడోది, అడ్డగీత మీద వేసే అంకె సరైనదేనా అన్నది. 2016లో మొదలైన మిషన్ భగీరథ తాగునీటి పథకంతో చాలా ఊళ్లకు గోదావరి, కృష్ణా నీళ్లు వచ్చాయి. ఇవాళ నల్లా నీటిలో ఫ్లోరైడ్ కొలిచి, అరవై ఏళ్ల మనిషి ఎముకలతో జత చేసి స్ప్లైన్ గీస్తే, నలభై ఏళ్లు తాగిన బోరు నీళ్లు లెక్కలోంచి మాయమవుతాయి. కొలత ఇలా తప్పితే వంపు చదునైపోతుందని, మలుపు మసకబారుతుందని సిద్ధాంతం చెబుతోంది. దాన్ని సరిదిద్దే పద్ధతులు సరళరేఖకు ఎప్పుడో కుదిరాయి, వంపులకు ఇంకా చేయి తిరగలేదు. ప్రస్తుతానికి ఆ పని సాఫ్ట్‌వేర్ కంటే సర్వే ఫారమే బాగా చేయగలదు: ఏ ఊళ్లో, ఏ నీళ్లు, ఎన్నేళ్లు తాగారని అడిగే మూడు గళ్లు అందులో ఉండాలి.